ధూపం తాగిన బండి

మేడ్చల్ రైల్వే గేటు దాటి షామీర్‌పేట తొవ్వ పట్టినంక, ఎడమచేతి దిక్కు ఒక రేకుల షెడ్డు ఉంటది. అది అంజయ్యది. అంజయ్యది అంటే మెకానిక్ పని అంజయ్యది, జాగ మాత్రం శ్రవణ్ వాళ్ల నాయినది. గీ సంగతి ముందుగాలనే చెప్పాలె. తర్వాత జరిగిన ఆగమంత దీని మీదనే నిలబడి ఉన్నది.

ఔటర్ రింగ్ రోడ్డుకు గుర్తుల రాళ్లు పాతుతున్న రోజులవి. ఊర్లల్ల పొలాలకు రెక్కలొచ్చినయి. షామీర్‌పేట కాడ శ్రవణ్ వాళ్ల పొలం సగం విల్లాలోళ్లు తీసుకున్నరు, ఆ పైసలల్ల కొంత నీలం రంగు కారై ఇంటి ముందట నిలబడ్డది. జపాన్ బండి, రెండే తలుపులు, టర్బో. మామూలు ఇంజన్ గాలి పీల్చుకుంటది, టర్బో ఉన్న ఇంజన్ గాలిని గుంజుకుంటది, అంతే తేడ. సిటీల ఎవరో పెద్దింటి పోరని దగ్గర సెకండ్ హ్యాండ్‌ల కొన్నడు. కొన్న నెల తిరగకముందే దాని చప్పుడు చాల్తలేదని శ్రవణ్ పరేషాన్ అయిండు. బొంబాయి నుంచి కొరియర్‌ల సామాను తెప్పిచ్చిండు. అద్దం లెక్క మెరిసే అల్యూమినియం పైపు, నీలం రబ్బరు గొట్టాలు, ఎర్రటి బట్టతోని చేసిన గరాటు అసుంటి ఫిల్టర్. ఇవి పెడితే బండి జోరందుకుంటదట, కాలు తీసినప్పుడల్ల ఉష్ అని పాము లెక్క బుస కొడతదట.

"ఆదివారం దోస్తులందరు రాజీవ్ రహదారి మీదికి బండ్లేసుకొని వస్తరు అంజన్నా. అప్పటికల్ల నా బండి బుస కొట్టాలె" అన్నడు.

"కొడతది పటేలా" అన్నడు అంజయ్య. అనకపోతే ఎట్ల? లారీలు, ట్రాక్టర్లు తప్ప వేరేది చూడని షెడ్డుకు అసుంటి బండి వచ్చుడే గొప్ప. ఇది మంచిగ చేస్తే కొంపల్లి, పేట్ బషీరాబాద్ దిక్కు కార్లోళ్లు కూడ ఇటు మలుగుతరని ఆయన ఆశ.

పాత గాలి డబ్బను ఇప్పుతుంటే క్లిప్పులు పటుక్కుమని విరిగినయి. అంటే ఇగ ఎనుకకు పోయే తొవ్వ లేదు. ఆ నల్లటి ప్లాస్టిక్ డబ్బకు మూత ఉన్నది, గాలి ఎక్కడికెల్లో పక్కకెల్లి లోపలికి పోయేది. కొత్త ఫిల్టర్‌కు మూత లేదు, బోడిగ, బానెట్ ఎత్తంగనే ఎదురుంగ కనబడుతది. అంజయ్యకు మనసున పట్టలే. ముక్కు కోసి ముందట పెట్టినట్టున్నది కద పటేలా అన్నడు. శ్రవణ్ నవ్వి, ఫారిన్‌ల అందరు గట్లనే పెడతరు అన్నడు. ఫారిన్ అన్నంక అంజయ్య ఏమంటడు?

అసలు తిప్పలు సెన్సార్ కాడ వచ్చింది. గాలి పోయే తొవ్వల వెంట్రుక కన్న సన్నని తీగె ఉన్న సెన్సార్ ఒకటి ఉంటది. ఎంత గాలి పోతాందో అది చెప్తది, ఇంజన్ దాన్ని నమ్ముకొని పెట్రోల్ తాగుతది. పాత డబ్బకెల్లి దాన్ని తీసి కొత్త పైపుల కూసుండబెట్టాలె. అది కూసోలే. బొంబాయోడు పంపిన పైపు మీద సెన్సార్ బిగిచ్చే పట్టీ వేరే బండిది. వాపస్ పంపితే ఆదివారం పోతది. అంజయ్య పైపును అటు తిప్పి ఇటు తిప్పి, ఆఖరికి సీనును పిలిచిండు.

శ్రీనివాస్‌ను అందరు సీను అనే అంటరు. వెల్డర్. జవహర్‌నగర్‌ల ఉంటడు, షెడ్డుకు రేకులు ఎక్కించిన కాడికెల్లి అంజయ్యతోనే ఉన్నడు. ఆ రేకులకు గొట్టాలు అతికించింది కూడ అతనే. పైపును చూసి, పట్టీ కోసేసి కొత్తది అతకాలె అన్నడు. అల్యూమినియం మీద గ్యాస్ వెల్డింగు అందరికి రాదు. ఇనుము అయితే ఎర్రగయి చెప్తది, కరుగుతున్న జాగ్రత్త అని. అల్యూమినియం చెప్పదు, ఉన్నట్టుండి బొటబొట కారిపోతది. సీను ముందుగాల గ్యాస్ మంటను పసుపుపచ్చగ చేసి పైపుకు మసి పట్టిచ్చిండు. తర్వాత మంటను సన్నగ చేసి, ఆ మసి కాలి మాయమయ్యే దాక మెల్లగ తిప్పిండు. మసి పోయిన గడియల అతికే తీగె ముట్టిచ్చిండు. అంతసేపు చెమట కండ్లల్లకు కారుతుంటే తుడుచుకోలే. సల్లారినంక అతుకును గోరుతోని గీకి చూసిండు. రెండు దిక్కుల గుడ్డ కుక్కి, లోపల గాలి కొట్టి, సబ్బు నీళ్లు పోసి చూసిండు. ఒక్క బుడగ రాలే.

"గోరుకు కూడ దొరుకుతలేదు అతుకు" అన్నడు అంజయ్య మెచ్చుకోలుగ. సీను ఆ పొద్దు చాయ్ రెండుసార్లు తాగిండు.

*

అంజయ్యకు ఒక అలవాటు ఉన్నది. పొద్దున షెడ్డు తియ్యంగనే నిప్పుల మీద గుగ్గిలం ఏసి ధూపం పడతడు. ముందు దేవుని పటానికి, తర్వాత పానాల పెట్టెకు, ఆఖరికి లోపల ఉన్న బండ్లకు. లారీ అయినా స్కూటర్ అయినా సరే, ఇంజన్ చాలు చేసి దాని చుట్టు ధూపం గిన్నె తిప్పాలె. వాళ్ల అవ్వ రుక్కమ్మ బర్లకు గట్లనే పట్టేది. పానమున్న దానికే ధూపం పట్టాలె బిడ్డా, రాయికి పడితే ఏం ఫాయిదా అనేది. బండికి పానమంటే ఇంజన్ తిరుగుడే కద. అందుకని అంజయ్య ఆగిన బండికి ఏనాడు ధూపం పట్టలే.

నీలం బండికి సామాను బిగిచ్చిన మర్నాడు శ్రవణ్ వచ్చిండు. అంజయ్య పెండ్లం మనోరమ సద్ది డబ్బ పట్టుకొని వచ్చింది. బండి చాలు చేసిండ్రు. అంజయ్య గిన్నెల రోజుకన్న ఎక్కువ గుగ్గిలం ఏసి బానెట్ దగ్గరికి తెచ్చిండు. అప్పుడు జరిగింది చూసి అందరి నోర్లు తెరుచుకున్నయి. పొగ ఎప్పటి లెక్క పైకి పోలే. సన్నగ సాగి, వంగి, తాడు గుంజినట్టు పోయి ఎర్ర ఫిల్టర్‌ల చొరవడ్డది. అంజయ్య గిన్నె ఎటు జరిపితే అటు నుంచి వంగి అండ్లకే పోయింది.

"అగో, బండి ధూపం తాగుతాంది" అన్నది మనోరమ, రెండు చేతులు జోడిచ్చి.

శ్రవణ్ కూడ చెప్పులిడిచి దండం పెట్టిండు. ఇన్నేండ్ల నుంచి ధూపం పడుతుండు గని, పట్టిన ధూపాన్ని తీసుకున్న బండి ఇదొక్కటే. అంజయ్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గిన్నెల ఇంకింత గుగ్గిలం ఏసిండు.

ఆ రోజు బండి షామీర్‌పేట దాక పోయి వచ్చింది. బుస కొట్టింది. శ్రవణ్ ముఖం ఎలిగిపోయింది. సాయంత్రం మాత్రం నిలబెట్టిన కాడ ఇంజన్ జెర లేచి పడ్డది, ఎక్కిళ్లు వచ్చినట్టు. కొత్త సామాను కద, కుదురుకుంటది అన్నడు అంజయ్య.

కుదురుకోలే. మర్నాడు గేర్ ఎయ్యంగనే ముందుకు ఉరికి, అంతలనే మెడ పట్టి గుంజినట్టు ఆగింది. శ్రవణ్ బండిని షెడ్డుల ఇడిచి పోయిండు. అంజయ్య ప్లగ్గులు తీసిండు, నల్లగ మసి పట్టి ఉన్నయి. తుడిచి పెట్టిండు. ట్యాంకుల పెట్రోల్ ఖాళీ చేసి కొత్తది పోసిండు. బ్యాటరీ తీగెలు ఇప్పి బిగిచ్చిండు. ఒక్కోపారి మంచిగ నడుస్తది, అంజయ్య పానా కింద పెట్టంగనే మళ్ల మొదలు. ఏం చేస్తే బాగైతాందో, ఏం చెయ్యకపోతే ఖరాబైతాందో ఆయనకు సమజ్ కాలే. బువ్వ తింటుంటే కూడ చెవిల ఆ ఎక్కిళ్ల చప్పుడే.

మెకానిక్‌కు సమజ్ కానిది దేవునికి చెప్పుకుంటడు. దిష్టి తాకిందని నిమ్మకాయ కట్టిండు. పొద్దటి ధూపం కాక సాయంత్రం కూడ పట్టుడు మొదలుపెట్టిండు. బండి ఎంత పాడైతే గుగ్గిలం అంత ఎక్కువైంది. పాపం, ఆ మనిషి భక్తిల లోపం లేదు.

*

శుక్రవారం శ్రవణ్ వచ్చుడు వచ్చుడే ఫోన్ చెవికి పెట్టుకొని వచ్చిండు. అవతల ఎవరో సిటీల బండ్లు తెలిసిన దోస్తట. ఆయన అడుగుతాంటే ఇతను బానెట్ల తల పెట్టి చెప్తాండు. పైపుకు ఏమన్న అతుకు ఉన్నదా అని అడిగినట్టున్నడు, శ్రవణ్ వేలు పోయి సీను పెట్టిన పట్టీ మీద ఆగింది. ఫోన్ పెట్టేసి, అతుకు కాడ దొంగగాలి పోతాంది, సెన్సార్ లెక్క తప్పుతాంది అన్నడు. ఆ మాటల అబద్ధం లేదు. గాలి నిజంగ అక్కడ లీకైతే బండి గిట్లనే చేస్తది, అంజయ్యకు కూడ తెలుసు.

సీను మూలకు కూసొని ట్రాక్టర్ హుక్కుకు మంట పెడుతుండు. మంట ఆర్పి వచ్చిండు. సబ్బు నీళ్లతోని చూసిన కద పటేలా, ఒక్క బుడగ రాలే అన్నడు. మళ్ల సబ్బు నీళ్లు తెచ్చి, కుంచెతోని అతుకు చుట్టు పూసి చూపిచ్చిండు. శ్రవణ్ చూడలే. చల్లగున్నప్పుడు రాదు, వేడైతే నోరు తెరుస్తది అని ఫోన్‌ల దోస్త్ చెప్పిండట.

శ్రవణ్ అంజయ్యను పక్కకు పిలిచిండు. పక్కకంటే సీనుకు వినబడేంత పక్కకు. ఆదివారం దోస్తుల ముందట ఇజ్జత్ పోతదని, లారీలకు అతుకులేసేటోన్ని తన బండి మీదికి ఎందుకు తోలినవని అడిగిండు. ఇగ వాని చెయ్యి తన బండి మీద పడొద్దన్నడు. వాడు షెడ్డుల కనబడితే నాయినకు చెప్త, నువ్వు వేరే జాగ చూసుకో అన్నడు. గొంతు లేపి కూడ అనలే. అనాల్సిన పని లేదు కద.

శ్రవణ్ పోయిండు. అంజయ్య చేతులకు గ్రీజు లేకున్నా గుడ్డతోని తుడుచుకుంటనే ఉన్నడు. కొన్నొద్దులు రాకు సీనూ, పటేల్ సల్లారినంక పిలుస్త అన్నడు.

సీను తల ఊపిండు. వెల్డింగ్ అద్దాలు తీసి మేకుకు తగిలిచ్చి, మళ్ల తీసి జేబుల పెట్టుకున్నడు.

"పటేల్ సంగతి సరే అన్నా. నువ్వేమంటవు? నా అతుకు లీకా?"

అంజయ్య బండి దిక్కు చూసిండు. అతుకును తన గోరుతోని గీకి చూసిండు కద. బుడగలు రానిది తన కండ్లతోని చూసిండు కద. మరి బండి ఎందుకు గట్ల చేస్తాంది? ఏదో ఒకటి తప్పు కావాలె. ఏది తప్పో తెలువని మనిషికి, ఎవరో ఒకరు తప్పని చెప్పిన మాట ఎంత సుఖంగ ఉంటదో.

"ఏమో" అన్నడు.

గా ఒక్క మాటకు సీను ముఖం మారింది. లీకు అన్నా కొట్లాడేటోడు, కాదన్నా సంతోషపడేటోడు. ఏమో అంటే ఏం చేస్తడు? పోయి అతుకును ఇంకోసారి వంగి చూసుకున్నడు, తన చెయ్యి మీద తనకే అనుమానం వచ్చినోని లెక్క. రేపు ట్రాలీ తెచ్చి నా సిలిండర్లు తీస్కపోత అన్నా అని చెప్పి బస్సుకు నడిచిండు.

ఇంటికాడ మనోరమకు సంగతి తెలిసింది. ఆమె గొంతు లేపే మనిషి కాదు, కంచంల అన్నం పెట్టుకుంట అన్నది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నరట. సీను చెయ్యి ఇన్నేండ్ల తర్వాత ఇప్పుడే లీకైందా?"

అంజయ్య జాగ సంగతి చెప్పిండు. జాగ పోతే ఎక్కడ నిలబడుదమన్నడు. ఆమె కూర గిన్నె మీద మూత పెట్టింది. అంజయ్య బువ్వ సగంల ఇడిచి లేచిండు.

*

శనివారం పొద్దున అంజయ్య షెడ్డుకు జల్దీ వచ్చిండు. ఆ లీకును ఎట్లనన్న పట్టుకోవాలని వచ్చిండు. నిజం చెప్పాలంటే, లీకు ఉండాలని కోరుకుంటనే వచ్చిండు. లీకు ఉంటే తను చేసింది అన్యాయం కాదు. శ్రవణ్ మాట నిజమైతది, తన ఏమో అబద్ధం కాదు, రాత్రి తినని బువ్వ కూడ కడుపుల పడ్డట్టైతది.

సబ్బు నీళ్లతోని దొరకనిది పొగతోని దొరుకుతది. సన్న లీకు కాడ పొగ పెడితే గుంజుకుంటది, అది లారీలకు చేసేదే. ధూపం గిన్నె ఎట్లాగు చేతులనే ఉన్నది. బండి చాలు చేసి, బానెట్ లేపి, గిన్నెను సీను అతుకు కిందికి తెచ్చిండు. పొగ అతుకును తాకి, దాని చుట్టు తిరిగి, పైకి పోయింది. అతుకు ఒక్క పోగు కూడ గుంజుకోలే. అంజయ్య గిన్నె ఇంకింత దగ్గర పెట్టిండు. అప్పుడు పొగ పక్కకు వంగింది. వంగి, సాగి, ఫిల్టర్‌ల చొరవడ్డది. ఇంజన్ ఎక్కిళ్లు పెట్టింది.

ఆయన గిన్నె వెనకకు తీసిండు. ఇంజన్ జెర తేరుకున్నది. మళ్ల దగ్గర పెట్టిండు. పొగ పోయింది, ఇంజన్ దగ్గింది. ఇంకోసారి చూసిండు. మళ్ల అంతే. గిన్నె కింద పెట్టి, బండి బంద్ చేసి, టైరు పక్కన కూలబడ్డడు.

లేచి సెన్సార్ ఇప్పిండు. వెంట్రుక అసుంటి ఆ తీగె వెంట్రుక లెక్క లేదు. గోధుమరంగు జిగురు పట్టి, సన్న పుల్ల లెక్క ఉన్నది. ముక్కు కాడ పెట్టుకున్నడు. గుగ్గిలం వాసన. బట్ట ఫిల్టర్ దుమ్మును ఆపుతది గని పొగను ఏం ఆపుతది? డబ్బకు మూత ఉన్నన్ని రోజులు ఎన్ని ధూపాలు పట్టినా బండ్లకు ఏం కాలే. ఈ బోడి ముక్కు బండికి, పొద్దు మాపు, దగ్గర నిలబడి, చేతులు జోడిచ్చి, తనే తాగిచ్చిండు. తాగి తాగి సెన్సార్‌కు కండ్లు మూసుకుపోయినయి. సీను అతుకు ఒక్కటే ఇన్ని దినాలు తన పని తాను చేసుకుంట ఉన్నది.

ఒక కోడి ఈకను పెట్రోల్ల ముంచి, తీగె తెగుతదేమోనని ఊపిరి బిగపట్టి తుడిచిండు. ఫిల్టర్‌ను కడిగి ఎండకు పెట్టి, ఆరినంక బిగిచ్చి చాలు చేసిండు. ఇంజన్‌ల ఎక్కిళ్లు లేవు. సంతోషం కావాలె, కాలే.

శ్రవణ్ వచ్చి బండి తీస్కపోయిండు. షామీర్‌పేట దిక్కుకెల్లి ఉష్ ఉష్ అనుకుంట వాపస్ వచ్చిండు. అప్పటికే సీను ట్రాలీ ఆటో వచ్చి ఉన్నది. సీను, ట్రాలీ ఆయన కలిసి గ్యాస్ సిలిండర్ ఎక్కిచ్చి తాడు కడుతున్నరు. పక్కన చాయ్ హోటల్ కాడ లారీ డ్రైవర్లు కూసొని చూస్తున్నరు. శ్రవణ్ కారు దిగి, అందరికి ఇనబడేటట్టు నవ్విండు.

"చూసినవా అంజన్నా? వాడు అడుగు బయట పెట్టంగనే బండి సెట్ అయింది."

సీను చేతుల తాడు ఆగింది. తల ఎత్తలే.

అంజయ్య నోరు మూసుకుంటే సరిపోతది. బండి మంచిగున్నది, జాగ ఉన్నది, పటేల్ ఖుషీగ ఉన్నడు. రేపటికల్ల చాయ్ హోటల్ నుంచి మేడ్చల్ బస్ డిపో దాక ఈ మాట పోతది, సీను అతికితే లీకైతదని. ఆ తర్వాత సీను ఏ షెడ్డు ముందట నిలబడ్డా గదే మాట అతనికన్న ముందు పోయి నిలబడతది. అంజయ్యకు ఇదంత ఒక్కపారి కండ్ల ముందట కనబడ్డది. ఇన్ని దినాల్ల మొదటిసారి ఆయనకు ఒక సంగతి సాఫ్‌గ సమజ్ అయింది.

"పటేలా, బండి చాలుల్నే ఉంచు" అన్నడు.

పోయి బానెట్ లేపిండు. నిప్పులు ఊది, డబ్బల మిగిలిన గుగ్గిలం అంత గిన్నెల కుమ్మరిచ్చిండు. గుప్పున పొగ లేచింది. గిన్నెను తీస్కపోయి ఫిల్టర్ ముందట పెట్టిండు. పొగ తాడు లెక్క సాగి లోపలికి పోయింది. హోటల్ కాడి డ్రైవర్లు లేచి వచ్చిండ్రు. ఇంజన్ ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది, ఇంకోసారి పెట్టింది, బండంత వణికి ఆగిపోయింది.

శ్రవణ్ ఉరికొచ్చిండు. మంచిగైన బండిని మళ్ల ఖరాబ్ చేసినవేందని, పిచ్చి లేసిందా అని అడిగిండు.

"గిట్లనే ఖరాబ్ చేసిన పటేలా. పొద్దు మాపు, దేవుని పేరు చెప్పి, నా చేతులతోనే చేసిన. పొద్దున తుడిచిన, మంచిగైంది. మళ్ల తుడుస్త, మళ్ల మంచిగైతది. అతుకును నేను ముట్టుకోలే."

శ్రవణ్ గిన్నెను చూసిండు, ఫిల్టర్‌ను చూసిండు, తన చెప్పుల దిక్కు చూసుకున్నడు. కోపం ఎవరి మీద చెయ్యాల్నో ఆయనకు తెలువలే. ఆ ధూపానికి చెప్పులిడిచి దండం పెట్టినోడు కద. నాయినకు పోయి ఏమని చెప్తడు? ఫోన్ బయటికి తీసి, ఎవరికీ చెయ్యకుండనే మళ్ల జేబుల పెట్టుకున్నడు.

సీను ట్రాలీ కాడికెల్లి ఇటు తిరిగిండు.

"నిన్న ఏమో అన్నవు కద అన్నా."

"అన్న."

"ఇయ్యాల?"

అంజయ్య చుట్టు చేరిన డ్రైవర్ల దిక్కు తిరిగి, అందరికి ఇనబడేటట్టు చెప్పిండు.

"సీను అతుకుల తప్పు లేదు. తెలిసి కూడ ఏమో అన్న. తప్పు నాది."

సీను మెల్లగ లోపలికి వచ్చిండు. ఆగిపోయిన బండి మీదికి వంగి, సల్లారని పైపు మీద అతుకును ఒక్కసారి గోరుతోని గీకిండు. తర్వాత నిలబడి, అంజయ్య చేతుల పొగలు కక్కుతున్న గిన్నెను చూసిండు. బయట ట్రాలీ ఆయన, అన్నా తాడు కట్టాల్నా ఇప్పాల్నా అని అడుగుతుండు.

"ముందుగాల ఆ నిప్పులు అవతల పెట్టుమను" అన్నడు సీను ట్రాలీ ఆయనతోని, అంజయ్యతోని కాదు. "నిప్పుల పక్కన సిలిండర్ ఎట్ల దించుతం?"

అంజయ్య గిన్నె పట్టుకొని తానే బయటికి నడిచిండు.